ఎముక లేని చెయ్యి

వడ్రంగి మేస్త్రి ఊరికే ఏదీ ఇచ్చే మనిషి కాదు. అలాగని పిసినారీ కాదు, లెక్క మనిషి. వంగిపోయిన మేకును సుత్తితో తిన్నగా కొట్టి మళ్లీ డబ్బాలో వేసుకునేవాడు. బేరమాడితే వినేవాడు కాదు. చెప్పిన రోజుకి సామాను అందించలేకపోతే తనకే అన్నం సహించేది కాదు. "మీ ఆయన నవ్వు కూడా టేపు పెట్టి కొలిచే నవ్వుతాడమ్మా" అని ఎదురుగా ఉన్న ఇస్త్రీ కొట్టాయన ఏడిపిస్తే, మేస్త్రి భార్య "కొలవకపోతే కుర్చీ కుంటుతుంది మరి" అని జవాబిచ్చేది.

ఆమెను వీధిలో అందరూ పాలిషమ్మ అంటారు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆయన కోసి, చిత్రిక పట్టి, బిగించిన సామానును ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది పాలిష్ పెట్టేది ఆమే. పెళ్లయిన కొత్తలో కాలక్షేపానికి గుడ్డ పట్టుకుంది, ఇక వదల్లేదు. గోళ్లలో దిగిన ఆ ఎర్రరంగు ఎన్ని సబ్బులు అరగదీసినా పోలేదు. రంపం చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయిందంటే ఆయనకి టీ కావాలని అర్థం. పెద్దగా మాట్లాడుకునే ఆలుమగలు కారు. ఒక్కతే కూతురు, కాలేజీలో చదువుతోంది. ఇద్దరి మాటలూ కలిపి అదే మాట్లాడేది.

జబ్బు మొదట ఆయన కుడిచేతి బొటనవేలులో కనబడింది. ఖాళీగా కూర్చున్నప్పుడు ఆ వేలు పక్కవేలి మీద ఏదో నలుపుతున్నట్టు కదిలేది. "ఏమిటి, కూర్చుని కూడా ఉప్పుకాగితం రుద్దుతున్నారు? నా పని మీకెందుకు?" అని పాలిషమ్మ నవ్వింది. తర్వాత నవ్వలేదు. చిత్రిక పడుతుంటే చెయ్యి ఎగిరి పలక మీద గాట్లు పడసాగాయి. పెన్సిలు గీత వంకర తిరిగింది. అన్నిటికంటే ఆమెను భయపెట్టింది ఆయన ముఖం. కూతురు జోకు వేస్తే ఆయన నవ్వేవాడే, కానీ ఆ నవ్వు ముఖం మీదికి వచ్చేది కాదు, లోపలెక్కడో ఆగిపోయేది.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు నడిపించి చూశాడు, వేళ్లు ఆడించమన్నాడు. పార్కిన్సన్స్ అన్నాడు. మెదడులో ఊరాల్సిన రసం ఒకటి తగ్గిపోతోందనీ, దాని పని మాత్రలు చేస్తాయనీ, ఒక్కపూట కూడా మానకూడదనీ చెప్పాడు. మొదటిరకం మాత్ర కొంత పనిచేసింది. చాలలేదు. రెండోరకం మాత్ర కలిపి, మెల్లమెల్లగా మోతాదు పెంచుకుంటూ పోయాడు.

ఆ రెండో మాత్ర మేస్త్రి చేతుల్ని తిరిగి తెచ్చి ఇచ్చింది. పాలిషమ్మ వంటింట్లో ఉండగా కొట్టులోంచి "ఇదిగో, ఒకసారి రా" అని కేక వినబడింది. వెళ్లేసరికి ఆయన పలక మీద వంగి, చిత్రికను ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్క ఊపున లాగుతున్నాడు. సన్నటి చెక్కపొర తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ పైకి లేస్తోంది. దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టి ముఖం నిండా నవ్వాడు. ఆమె ఆ నవ్వు చూసి గోడ వైపు తిరిగి ఏడ్చింది.

ఇవ్వడం అలాంటి మంచి రోజుల్లోనే మొదలైంది. బడి గేటు దగ్గర నిలబడే కాపలా ముసలాయనకి మేస్త్రి ఒక ఎత్తు బల్ల చేసి ఊరికే ఇచ్చాడు. పాలిషమ్మ దానికి రెండు పూతలు పాలిష్ పెట్టి, "జబ్బు మిమ్మల్ని మెత్తబరిచిందండీ" అంది సంతోషంగా. తర్వాత ఇస్త్రీ కొట్టాయనకి కొత్త టేబులు. మూల ఇంటి పిన్నిగారికి అలమర. వీధి చివర టీ బంకుకి రెండు బెంచీలు. "చేతికి ఎముక లేదమ్మా మేస్త్రికి! ఇన్నాళ్లూ ఎక్కడ దాచాడో ఈ మనసు" అన్నారు వీధివాళ్లు. ఆమెకీ కొంచెం గర్వంగానే ఉండేది.

ఆసుపత్రిలో డాక్టరు అడగనే అడిగాడు. "కొత్తగా ఏమైనా అలవాట్లు వచ్చాయా? పేకాట, పందేలు, అతిగా తినడం, కొన్నవే కొనడం, అలాంటివి?"

"అయ్యో, అవేం లేవు డాక్టరుగారూ," అంది పాలిషమ్మ, ఆ మాటకే నొచ్చుకున్నట్టు. "ఆయన బంగారం."

డాక్టరు తల ఊపి, మోతాదు ఇంకాస్త పెంచాడు.

గర్వం ఉయ్యాలతో పోయింది. బ్యాంకులో పనిచేసే కుర్రాడొకడు పుట్టబోయే బిడ్డకని చెక్క ఉయ్యాల చేయించుకున్నాడు. దాని కమ్మీలు ఒక్కొక్కటీ పాలిషమ్మ ఎంతో శ్రద్ధగా రుద్దింది. పసిచేతులు పట్టుకునేవి కదా, ఎక్కడా పెచ్చు ఉండకూడదని. కుర్రాడు బండి మాట్లాడుకుని వచ్చేసరికి కొట్టులో ఉయ్యాల లేదు.

"ఇచ్చేశాను," అన్నాడు మేస్త్రి.

"ఎవరికండీ?" అంది పాలిషమ్మ.

"నిండు కడుపుతో ఒకావిడ పోతోంది. ఎండకి ఇక్కడ కాసేపు నిలబడింది. ఆమెకి లేదు."

"ఆమె అడిగిందా?"

"అడగడమెందుకు? చూస్తే తెలియదూ?"

కుర్రాడు మొదట నవ్వులాట అనుకున్నాడు. కాదని తెలిశాక కేకలేశాడు. పాలిషమ్మ చేతులు పట్టుకుని బతిమాలి, అడ్వాన్సు తిరిగిచ్చి పంపింది. తిరిగి చూస్తే మేస్త్రి కళ్లు వెలుగుతున్నాయి. తప్పు చేసినవాడి కళ్లు కావవి. వింటున్నట్టే లేదు. వీధిలోకి చూస్తున్నాడు, ఇంకెవరైనా వస్తున్నారా అన్నట్టు.

ఆ తర్వాత ఇల్లు ఖాళీ అవడం మొదలైంది. గోడ గడియారం పోయింది. దుప్పట్లు పోయాయి. చెప్పులు ఎవరికో ఇచ్చేసి వట్టికాళ్లతో ఇంటికొచ్చాడు. అడిగితే "ఉన్నాయిగా ఇంకో జత" అన్నాడు, ఆ రెండో జత ముందురోజే వెళ్లిపోయిందన్నది మరిచిపోయి. సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. తెలియని మనుషులు కొట్టు ముందు తచ్చాడసాగారు. "మేస్త్రిగారున్నారా?" అని అడిగేవాళ్ల గొంతుల్లో చెప్పలేని ఒక తీపి. పాలిషమ్మ "లేరు" అనేది. లోపలినుంచి ఆయన "ఉన్నానుండండి" అంటూ లేచి వచ్చేసేవాడు.

ఆమె మరిదిని పిలిపించింది. అన్నకి బుద్ధి చెబుతాడనుకుంది. ఆయన కూర్చుని టీ తాగి, "వదినా, అన్నయ్య మొదట్నుంచీ మంచోడే, పైకి తేలేవాడు కాదంతే. నువ్వే లేనిపోని బెంగ పెట్టుకుంటున్నావు. నలుగురికి సాయం చేస్తే తప్పేముంది?" అన్నాడు. ఆ మాట చెప్పి వెళ్తూ వెళ్తూ అన్న ఇచ్చిన డ్రిల్లు మిషను చంకలో పెట్టుకుపోయాడు.

వీధి సంఘంవాళ్లు మేస్త్రికి సన్మానం తలపెట్టారు. చిన్న హాలులో కుర్చీలు వేసి, ఆయన గురించి నలుగురు మాట్లాడి, గాజు పలక మీద ఆయన పేరు చెక్కించిన జ్ఞాపిక ఇచ్చారు. పాలిషమ్మని కూడా వేదిక మీదికి పిలిచారు. ఆమె చప్పట్ల మధ్య తల దించుకుని నిలబడింది. తిరిగొచ్చేటప్పుడు బస్సు దిగాక చూస్తే ఆయన చేతులు ఖాళీ.

"జ్ఞాపిక ఏదండీ?"

"కండక్టరుకి ఇచ్చాను. పాపం, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడట."

"దాని మీద మీ పేరుందండీ! అతనేం చేసుకుంటాడు?"

మేస్త్రి ఆలోచించాడు. నిజమే అన్నట్టు తల ఊపాడు. ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది. వీధిలో గోడ పట్టుకుని నవ్వింది, నవ్వి నవ్వి ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో ఆమెకే తెలియలేదు.

ఇంటికి వెళ్లాక ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "నిజం చెప్పండి. ఏమవుతోంది మీకు?"

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "ఆపుకోలేకపోతున్నాను," అన్నాడు. "మనిషి ఎదురుపడగానే ఏదో ఒకటి ఇచ్చెయ్యాలనిపిస్తుంది. ఇచ్చేదాకా ఊపిరాడదు. ఇచ్చాక హాయిగా ఉంటుంది. కాసేపే. మళ్లీ మొదలు."

"నా ముఖం చూసైనా ఆగలేరా?"

"నీ ముఖం గుర్తొస్తుంది. అయినా చెయ్యి ఆగదు." ఆయన ఆమె అరచేతిలో చెయ్యి వేశాడు. "ఇక ఇవ్వను. ఒట్టు."

ఆ ఒట్టు ఆయన మనస్ఫూర్తిగానే వేశాడు. మర్నాడు కూతురి ల్యాప్‌టాప్ పోయింది. బస్టాపులో పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ ఎవరో అమ్మాయికి ఇచ్చాడు. కూతురు అరవలేదు. తండ్రి ముందు నిలబడి, "నాన్నా, నేను రాసుకున్నదంతా అందులో ఉంది. పరీక్షకి అదే ఇవ్వాలి" అని మాత్రం అంది. ఆయన "నీకు ఇంకోటి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆ పిల్ల సంచి సర్దుకుంది. గుమ్మం దగ్గర తల్లితో, "స్నేహితురాలి గదిలో ఉంటానమ్మా. ఇక్కడే ఉంటే ఏదో ఒకరోజు నన్ను కూడా ఎవరికో ఇచ్చేస్తాడు" అంది. అది జోకు కాదని ఇద్దరికీ తెలుసు.

పాలిషమ్మ కొట్టుకి తాళం వేసి తాళంచెవి జాకెట్టులో దాచుకుంది. ఆయన ఇంటి కిటికీలోంచి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆమె కిటికీ మూసి, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆయన గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతూ, చెమటలు కక్కుతూ, బోనులో పెట్టినట్టు గిజగిజలాడాడు. "తలుపు తియ్యి. నీకు దణ్ణం పెడతాను, తియ్యి" అన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెను బతిమాలడం అదే మొదలు. ఆమె తీసింది.

ఒక మధ్యాహ్నం ఆమె పెరట్లో గుడ్డలు ఆరేసి కొట్టులోకి వచ్చేసరికి, ఆమె పాలిష్ పెట్టేటప్పుడు కూర్చునే పొట్టిపీట లేదు. వీధిలోకి చూస్తే చేతికర్రతో నడిచే ఒక ముసలావిడ దాన్ని చంకలో పెట్టుకుని కుంటుకుంటూ పోతోంది. పాత పీట అది. ఎవరికీ పనికిరాదు. దాని మీద కూర్చునే ఆమె కడుపుతో ఉన్నప్పుడు కూడా పని చేసింది. పాలిషమ్మకి ఏమైందో, పరిగెత్తుకెళ్లి పీట పట్టుకుని లాగింది. ముసలావిడ వదల్లేదు. "ఆ బాబే ఇచ్చాడమ్మా, నేను అడగలేదు" అంటోంది. పాలిషమ్మ ఇంకా గట్టిగా లాగింది. ముసలావిడ కర్ర జారి రోడ్డు మీద కూలబడింది, మోచెయ్యి దోక్కుపోయింది.

చుట్టూ జనం చేరారు. ఇస్త్రీ కొట్టాయన ముసలావిడని లేపి కూర్చోబెట్టాడు. "అంత మంచి మనిషికి ఎలాంటి పెళ్లాం దొరికింది!" అని ఎవరో అన్నారు. ఆ మాట అన్న మనిషి మేస్త్రి ఊరికే ఇచ్చిన అలమరలో బట్టలు పెట్టుకునే మూల ఇంటి పిన్నిగారే. పాలిషమ్మ పీటని గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. ముసలావిడ మోచేతి మీద నెత్తురు చూసింది. పీటని ఆవిడ పక్కన పెట్టింది. కిందపడ్డ కర్ర తీసి ఆవిడ చేతికిచ్చింది. కొట్టు గుమ్మంలో మేస్త్రి నిలబడి అంతా చూస్తున్నాడు. ఆయన బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి, చేతులు మాత్రం చొక్కా గుండీలు విప్పుకుంటున్నాయి, ముసలావిడకి కట్టు కట్టడానికి చొక్కా ఇచ్చేద్దామని.

ఆమె ఇంట్లోకి వెళ్లలేదు. అలాగే బస్టాపుకి నడిచింది. పక్క ఊళ్లో అక్క ఉంది. ఆ బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది. సాయంత్రం మాత్ర ఆయన వేసుకుంటాడో మరిచిపోతాడో అని అనుకుంటూ ఆ బస్సునీ పోనిచ్చింది. అలా బెంచీ మీద కూర్చుని ఉండగా ఎదురుగా ఒక తోపుడుబండి పోయింది. దాని మీద బోర్లా పడుకోబెట్టిన పనిబల్ల. పక్కన గోనెసంచిలో నుంచి రంపాల పిడులు బయటికి కనబడుతున్నాయి. ఆ బల్ల అంచున గుండ్రటి మరక. ఆమె పాలిష్ డబ్బా పెట్టీ పెట్టీ పడిన మరక అది. ఆమె లేచి అరవలేదు, బండి వెనక పరిగెత్తలేదు. అది మలుపు తిరిగేదాకా చూస్తూ కూర్చుంది. ఇక పోవడానికి ఇంట్లో ఏమీ లేదనుకుంది. ఆ ఆలోచన వింతగా కాస్త తేలిక చేసింది. లేచి ఇంటికి నడిచింది.

కానీ ఒకటి మిగిలింది.

ఆసుపత్రికి వెళ్లే రోజు ఇద్దరూ కలిసే వెళ్లారు. మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడి నెలకి సరిపడా మాత్రలు తీసుకుని, సంచి ఆయనకిచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి, ఆమె చీటీ మీద ముద్ర వేయించుకోవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన పక్కన రిటైరైన బస్సు డ్రైవరొకాయన కూర్చుని ఉన్నాడు. ఆ డ్రైవరు చేతులు రెండూ ఒళ్లో పిట్టల్లా కొట్టుకుంటున్నాయి. మేస్త్రి ఆయనతో ఎంతో ఆప్యాయంగా మాట్లాడుతున్నాడు. "పాపం, ఆయన మాత్రలు ఇవాళ రాలేదట, వచ్చేవారం రమ్మన్నారట" అని దారిలో చెప్పాడు. ఆమె "అలాగా" అంది. మాట్లాడే ఓపిక లేదు.

"మాత్ర వేసుకున్నారా?" అని ఇంట్లో అడిగితే "ఆ, వేసుకున్నాను" అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పాడు. మొదట నడక మందగించింది. తర్వాత మాట గొణుగుడైంది. ఒక పొద్దున ఆమె లేపబోతే ఆయన లేవలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒళ్లు పలకలా బిగుసుకుపోయి, జ్వరంతో కాలిపోతోంది. గొంతులో మంచినీళ్లు దిగడం లేదు. ఇస్త్రీ కొట్టాయన, టీ బంకాయన కలిసి ఆయన్ని తలుపు రెక్కని ఎత్తినట్టు అలాగే ఎత్తి బండెక్కించారు.

అత్యవసర విభాగంలో ఒక లేడీ డాక్టరు చకచకా పరీక్షించి, సెలైను పెట్టించి, "మాత్రలు ఆపేశారా?" అంది.

"లేదమ్మా. పూటపూటా వేసుకుంటున్నాడు."

"మాత్రలేవీ, చూపించండి."

పాలిషమ్మ సంచి తిరగేసింది. చీటీ పడింది, దువ్వెన పడింది. మాత్ర ఒక్కటి లేదు. ఆమెకి డ్రైవరు చేతులు గుర్తొచ్చాయి.

"ఇచ్చేశాడు," అంది.

"ఏమిటి?"

"ఎవరికో ఇచ్చేశాడు. మాత్రలన్నీ. తనవి."

"ఇంతకుముందు కూడా ఇలా ఏమైనా ఇచ్చారా?"

"ఏం ఇవ్వలేదో అడగమ్మా, అది తొందరగా చెప్పొచ్చు," అంది పాలిషమ్మ. ఆ తర్వాత ఆగలేకపోయింది. ఉయ్యాల దగ్గర్నుంచి పనిబల్ల దాకా ఆ మంచం పక్కన నిలబడి చెప్పేసింది. డాక్టరు కలం కింద పెట్టి వింది.

"ఎప్పట్నుంచి ఇదంతా?"

"ఆ రెండో మాత్ర పెంచినప్పట్నుంచి..." అని పాలిషమ్మ ఆగిపోయింది. తను ఏమన్నదో తనే విన్నట్టు డాక్టరు ముఖంలోకి చూసింది.

డాక్టరు మెల్లగా చెప్పింది. ఆ రకం మాత్ర కొందరికి చేతులు కదిలిస్తూనే మనసుకుండే పగ్గాన్ని వదులు చేస్తుందనీ, ఒకళ్లు జూదానికి పడతారనీ, ఒకళ్లు తిండికనీ, ఇంకొకళ్లు పైకి చెప్పుకోలేని వాటికనీ. ఇలా ఇచ్చెయ్యడం కూడా దాని వల్ల కావచ్చునంది.

"మమ్మల్ని అడిగారు. పేకాటా, పందేలా అని అడిగారు," అంది పాలిషమ్మ. గొంతు పెరుగుతోంది. "దానం చేస్తున్నాడా అని ఎవరూ అడగలేదే!"

"అడగాల్సింది," అంది డాక్టరు. "మాకు తట్టదమ్మా. మంచి గుణం కదా అది."

"అయితే మా వీధివాళ్లు సన్మానం చేసింది ఎవరికి? మాత్రకా? నేను ఆ ముసలావిడని రోడ్డు మీద పడేసింది మాత్ర మీద కోపంతోనా?" నర్సు వచ్చి ఆమె భుజం పట్టుకునేదాకా అరిచింది. తర్వాత మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

మేస్త్రి బతికాడు. మొదటిరకం మాత్ర ఉంచి, రెండోదాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. పాలిషమ్మ ఇక గండం గడిచిందనుకుంది. ఆ తగ్గించిన రోజులే అన్నిటికన్నా గడ్డుగా గడిచాయి. ఆయన చేతులు మళ్లీ బిగుసుకున్నాయి. దానికి తోడు ఆరాటం, చెమట, కారణం లేని ఏడుపు. మాత్రల డబ్బా ఆమె దగ్గరే ఉండేది. "అదొక్కటి ఇవ్వు. ఒక్కటే. చెయ్యి కదలాలి నాకు" అని దీనంగా అడిగేవాడు. ఇవ్వకపోతే తిట్టేవాడు. ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి, "నాలో ఉన్న కాస్త మంచినీ పీకేస్తున్నావు. నీకు కావాల్సింది చెక్కబొమ్మే" అన్నాడు. ఆమె డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్లి నిలబడేది. ఒకసారైతే మూత తీసి, మాత్ర అరచేతిలో వేసుకుని, ఆయన అడిగింది ఇచ్చేద్దామా అని గుమ్మం దాకా వచ్చింది. చేతులు కదిలే ఆ మనిషిని చూడాలని ఆమెకి మాత్రం లేదా? మళ్లీ డబ్బాలో వేసి మూత బిగించింది.

నెలలు గడిచాక ఆ ఊపు తగ్గింది. గుమ్మంలో మనిషి నిలబడితే ఆయన లేవడం మానేశాడు. అప్పుడు పాలిషమ్మ సామాను అడగడానికి బయల్దేరింది. టీ బంకాయన రెండు బెంచీలూ తనే మోసుకొచ్చి కొట్టులో పెట్టి, "మాకేం తెలుసక్కా, సంతోషంగా ఇస్తుంటే తీసుకున్నాం" అని తల వంచుకున్నాడు. పిన్నిగారు తలుపు సగమే తెరిచి, "ఇచ్చినది తిరిగి అడగడానికి మొహమెలా వచ్చిందే?" అంది. మరిది "డ్రిల్లు పాడైపోయింది వదినా" అన్నాడు, వెనక గదిలో అది గుయ్యిమని తిరుగుతుండగానే. పనిబల్ల తీసుకెళ్లినవాడు ఎవరో ఎప్పటికీ తెలియలేదు. జబ్బు సంగతి చెబితే కొందరు అయ్యో అన్నారు, ఇంకొందరు "మంచితనానికి కూడా జబ్బని పేరు పెట్టింది చూడు" అని నవ్వారు.

ఆమె ఊరి చివర ఫర్నిచర్ కంపెనీలో పాలిష్ పనికి చేరింది. అక్కడ గుడ్డతో రుద్దడం లేదు, ముక్కుకి మాస్కు కట్టుకుని స్ప్రే గన్నుతో కొట్టడమే. చేసిన కుర్చీ ఎవరింటికి వెళ్తుందో తెలియదు. కొట్టు ముందు భాగం అద్దెకిచ్చారు. మేస్త్రి వెనక గదిలో కిటికీ దగ్గర కూర్చుంటాడు. బయటికి రాడు. ఎవరైనా పలకరిస్తే ఏదైనా తిరిగి అడుగుతారేమో, లేదా తనే ఏదైనా ఇచ్చేస్తాడేమో అని ఆయనకి రెండు రకాల భయం.

"బడి కాపలాదారుకి ఆ బల్ల చేసింది నేనేనా? అదీ మాత్రేనా?" అని అడిగాడొకసారి.

"నాకేం తెలుసండీ," అంది ఆమె. నిజంగానే తెలియదు. చాలా ఆలోచించింది. ఆ రోజు ఆయన కళ్లెలా ఉన్నాయో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుర్తు రాలేదు.

కూతురు ఒక సంవత్సరం చదువు పోగొట్టుకుని, కళ్లజోళ్ల కొట్టులో పనికి చేరి, సెలవురోజు ఇంటికి రావడం మొదలుపెట్టింది. మొదట్లో తండ్రి ఉన్న గదిలోకి వెళ్లేది కాదు. తల్లి డాక్టరు చెప్పినదంతా చెబితే వింది. ఒకరోజు పొద్దున్నే వచ్చింది, ఏమీ తినకుండా. మేస్త్రి టేబులు దగ్గర కూర్చుని రొట్టె తింటున్నాడు. కూతురు వచ్చి ఎదురుగా కూర్చుంది. "అమ్మా, ఆకలేస్తోంది" అంది లోపలికి వినబడేలా.

మేస్త్రి తన పళ్లెంలోని రొట్టెని రెండుగా విరిచాడు. వేళ్లు కుదరక కాస్త ఆలస్యమైంది. ఒక సగం కూతురివైపు చాచబోయి, మధ్యలో ఆగిపోయాడు. ఆ చెయ్యి అలాగే గాలిలో వణుకుతూ ఉంది. టీ తెస్తున్న భార్య వైపు తిరిగాడు.

"ఇవ్వనా?" అన్నాడు.

పాలిషమ్మ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన ఇంకా ఆమె వైపే చూస్తున్నాడు, అవుననో కాదనో ఆమె చెప్పకపోతే తనకి తెలియదన్నట్టు.

కూతురు ముందుకి వంగి, తండ్రి వేళ్లలోంచి రొట్టె తీసుకుంది. "ఇవ్వు నాన్నా, నాకే కదా" అని అక్కడే కొరికి తినసాగింది, కళ్లు ఎత్తకుండా. మేస్త్రి చెయ్యి వెనక్కి తీసుకుని, మిగిలిన సగం మీద పెట్టుకున్నాడు. కొంచెంసేపు దాన్నే చూస్తూ కూర్చుని, తర్వాత మెల్లగా తినడం మొదలుపెట్టాడు.